ఇరవై మూడు సెకన్ల ఆలస్యం

జనవరి 28

ఇవాళ పొద్దున సైటు తెరిచాను. ముప్పై నాలుగేళ్లు స్టేషన్ మాస్టరుగా చేశాను, నా తప్పు వల్ల ఒక్క బండి కూడా ఆలస్యంగా కదల్లేదు. అలాంటివాణ్ణి అరవై మూడేళ్ల వయసులో ఉచిత పాఠాలు చూసి, ఎవరి సాయమూ లేకుండా ఒక్కణ్ణే సైటు కట్టాను. స్తిలియానా అక్క, ఆమె వంటింట్లో కూర్చుని అల్లే ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కలిసి చేసిన మార్తెనిత్సలు పదహారు వందలు అందులో అమ్మకానికి పెట్టాను. ఎర్ర దారం, తెల్ల దారం బొమ్మలు. ఇక దేశం మొత్తం ఇంట్లో కూర్చుని కొనుక్కోవచ్చు, మార్చి ఒకటిన చేతికి కట్టుకోవచ్చు.

అందరికంటే ముందు అక్కకి చూపించాను. ఫోనులో నొక్కి, కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. కాఫీ పొంగింది. పొయ్యి తుడిచింది. కోళ్లకి గింజలు వేసొచ్చింది. వచ్చి చూస్తే పేజీ ఇంకా తెల్లగానే ఉంది. "తెలుపు బాగుందిరా. ఎరుపు ఎప్పుడొస్తుంది?" అంది.

ఆమె ఫోను పాతది. అంతకు మించి ఏమీ లేదు.

టేబుల్ సంగతి ఇవాళే చెప్పేద్దామనుకున్నాను. పొయ్యి తుడిచే మనిషికి ఏం చెబుతాం.

జనవరి 29

రాసుకుంటే మనసు తేలికవుతుందంటారు, రాస్తున్నాను.

చౌకులో ఫౌంటెన్ పక్కన నాలుగో నంబరు టేబుల్ పంతొమ్మిదేళ్లుగా అక్కది. ఫిబ్రవరి ఇరవై నుంచి పది రోజులు అక్కడ నిలబడి అమ్ముతుంది. ఏటా జనవరిలో మున్సిపాలిటీకి వెళ్లి సంతకం పెట్టాలి. ఆమెకి మోకాళ్ల నొప్పులు, అందుకని నేనే వెళ్లి పెడతాను. ఈసారీ వెళ్లాను. గుమాస్తా స్పిరిదోన్ కాగితం ముందుకు తోశాడు. సైటు ఉండగా అరవై ఎనిమిదేళ్ల ఆడమనిషి మంచులో నిలబడటం దేనికి అనిపించింది. టేబుల్ అక్కర్లేదని సంతకం పెట్టాను.

ఆమె మేలు కోరే చేశాను. అడిగి ఉంటే ఒప్పుకునేది. అడగలేదు, అంతే.

ఆ టేబుల్ అదే రోజు త్సోంకాకి పోయింది. ఫ్యాక్టరీలో జిగురు పెట్టి అతికించిన ప్లాస్టిక్ బొమ్మలు అమ్మే త్సోంకా. దానికి నేను బాధ్యుణ్ణి కాను.

జనవరి 31

నాలుగు రోజుల్లో ఒక ఆర్డరు. అది నేను పెట్టిందే, పనిచేస్తోందో లేదో చూద్దామని.

ఫిబ్రవరి 1

సైటు వేగం ఉచితంగా కొలిచే చోటు ఒకటి దొరికింది. మన సైటు పేరు కొట్టి మీట నొక్కితే చాలు, నూటికి ఇన్ని మార్కులని వేస్తుంది. తొమ్మిది వేసింది. ఎర్ర అక్షరాల్లో. పేజీ పూర్తిగా తెరుచుకోవడానికి ఇరవై మూడు సెకన్లట.

మళ్లీ నొక్కాను. పదకొండు. మెరుగుపడింది. ఇంకోసారి నొక్కాను, ఎనిమిది. ఆ యంత్రం పాడైపోయినట్టుంది.

ఫిబ్రవరి 2

ఇంకో ఉచిత పరీక్ష పెట్టాను. ఇక్కడా ఇరవై మూడే. అయితే ఇది ఒక పటం గీసి చూపిస్తుంది. పేజీలో ఏ వస్తువు ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది, దేని వెనక ఏది ఆగింది, అన్నీ గీతల్లో. చూస్తే కళ్లు చెమర్చాయి. అచ్చం మా కంట్రోలు రూములో బండ్ల చార్టు. ఒకే లైను మీద ముందు గూడ్సు బండ్లు, వాటి వెనక పాసింజరు కదల్లేక నిలబడి ఉంది.

గూడ్సు బండ్లు ఏవంటే: నలుగురు ఆడవాళ్ల ఫొటోలు, ఒక్కోటి బస్సు మీద అతికించేంత. తర్వాత పేజీ నిండా మంచులా రాలే ఎర్ర తెల్ల దారాలు. ఆ తర్వాత అన్నిటికంటే పొడుగు గీత, పాట. సైటు తెరవగానే వినిపించే పాట, నేను పాడిందే.

పాట వల్ల ఆలస్యమయ్యే అవకాశం లేదు.

ఫిబ్రవరి 4

రాలే దారాలు తీసేశాను. పద్నాలుగు మార్కులు.

ఫిబ్రవరి 5

ఒక ఖాళీ పేజీ పెట్టి పరీక్షించాను. నూటికి నూరు. సైటు కట్టడంలో నా లోపం ఏమీ లేదని తేలింది. ఆ కాగితం ప్రింటు తీసి గోడకి అంటించాను.

ఫిబ్రవరి 7

ఫొటోల బరువు తగ్గించే ఉచిత పనిముట్టు ఉంది. అందులో వేస్తే మొహం మొహంలాగే ఉంటుంది, బరువు పదో వంతవుతుంది. అక్క వంటింట్లో ఈ మాట అన్నాను, పొరపాటు. రుసా అవ్వ చేతికర్ర పట్టుకుని నిలబడింది. ఎనభై ఏడేళ్లు ఆమెకి. "నన్నెంత చేశావురా?" అని అడిగింది. పదో వంతు చేశానన్నాను. దేవుడు ఇప్పటికే సగం చేశాడు, నువ్వెవడివి మిగతాది చెయ్యడానికి అంది. మిగతా ముగ్గురినీ ఎంతైనా చేసుకో, నేను మాత్రం పూర్తిగా ఉండాలంది.

ముగ్గురిని తగ్గించాను. ముప్పై ఒకటి మార్కులు. అవ్వ ఫొటో ఒక్కటీ తొమ్మిది సెకన్లు తింటోంది.

రెండు ఆర్డర్లు వచ్చాయి. ఒకతను ఫోను చేసి, ఏమీ కదలకపోతే రెండుసార్లు నొక్కాను, ఒకటి రద్దు చెయ్యమన్నాడు.

ఫిబ్రవరి 9

టేబుల్ సంగతి చెప్పలేదు. అక్కకి నడుం నొప్పి.

ఫిబ్రవరి 10

చెప్పలేదు. చిక్కుడు గింజల సూపు పంపింది, చాలా బాగా కుదిరింది. అలాంటి రోజు ఎలా చెబుతాను?

ఫిబ్రవరి 11

టేబుల్ మీదకి అక్క కొత్త మైనపు గుడ్డ కొంది. కొలత చూసి చుట్టూ కుట్టింది కూడా. స్పిరిదోన్ మన పేరు సరిగ్గా ఎక్కించాడా అని అడిగింది. "ఎక్కించే ఉంటాడులే" అన్నాను. అది అబద్ధం కాదు. ఎవరి పేరో ఒకరిది ఎక్కించే ఉంటాడు.

ఇంకా తొమ్మిది రోజులుంది. ఇరవయ్యో తారీకు టేబుళ్లు వేస్తారు, అక్క గుడ్డ చుట్టుకుని బయల్దేరుతుంది. ఈలోగా పదహారు వందలూ సైటులో అమ్ముడైపోతే టేబుల్ అవసరమే ఉండదు, అప్పుడు ఆ సంగతి శుభవార్తలాగా చెప్పొచ్చు. అమ్ముడవకపోతే రెండిందాలా చెడినట్టే. మార్చి ఒకటి దాటాక మార్తెనిత్స ఎవడు కొంటాడు? రెండో తారీకు అది ఉత్త దారం. ఏడాదంతా వాళ్ల వేళ్లు వంకర్లు పోయేలా అల్లారు.

కాబట్టి సైటు త్వరగా తెరుచుకోవాలి. అదొక్కటే దారి.

ఫిబ్రవరి 12

ఇవాళ నలభై పరీక్షలు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కొలిస్తే ముప్పై ఎనిమిది వస్తోంది. అక్కడి వాళ్లు మార్తెనిత్స కట్టుకోరు, అయినా వాళ్లకి త్వరగా తెరుచుకుంటోంది.

ఫిబ్రవరి 13

పరీక్ష సలహా ఇస్తోంది: పాట తీసేయండి. యంత్రానికి సంగీతం ఏం తెలుస్తుంది.

ఫిబ్రవరి 14

త్రిఫోన్ పండగ. మగాళ్లందరం ద్రాక్షతోటకి వెళ్లాం. కొమ్మలు కత్తిరించాం, మొదళ్లలో వైన్ పోశాం, మాలోనూ పోసుకున్నాం. మధ్యాహ్నానికి నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

పాట తీసేశాను. కాస్త ఏడ్చాను. తర్వాత చెయ్యి ఆగలేదు. ఫొటోలకి రంగు కూడా బరువే కదా అని రంగులు పీకేసి నలుపు తెలుపు చేశాను. నలుగురినీ తపాలా బిళ్లంత చేశాను, అవ్వని కూడా. మరీ బోసిగా కనపడ్డాయని చుట్టూ సన్నటి నల్ల గీత గీశాను. కింద పేరు. పేరు కింద పుట్టిన ఏడు, గీత, ఈ ఏడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా పనిచేసిన చేతులని తెలియాలి కదా. కొనేవాళ్లని తొందరపెట్టమని ఉచిత పాఠాల్లో చెప్పారు, అందుకని ఇది కూడా రాశాను: "ఇవి ఆమె చేతి చివరి మార్తెనిత్సలు. త్వరపడండి."

పరీక్ష నొక్కాను. తొంభై ఆరు. ఆకుపచ్చ. రెండు సెకన్లు.

లైన్ క్లియర్. నేను మామూలు మనిషిని కాను.

ఫిబ్రవరి 15

పొద్దున్నే అక్క గేటు దగ్గర ఎవరో ఏడుస్తున్నారు. వెళ్లి చూసొస్తాను.

అదే రోజు, మధ్యాహ్నం

మా ఊళ్లో మనిషి పోతే ఫొటోకి నల్ల గీత గీసి, కింద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు వేసి గేటుకీ స్తంభాలకీ బస్‌స్టాపుకీ అంటిస్తారు. అమ్మది నేనే అంటించాను. నాన్నది నేనే అంటించాను. బావది అంటించడానికి జిగురు పట్టుకుని ఊరంతా తిరిగాను. పుట్టినప్పటి నుంచీ రోజూ చూసేదాన్ని నా చేత్తో చేసి, కళ్లెదురుగా పెట్టుకుని, మార్కులు చూసి మురిసిపోయాను.

రాత్రి సైటు చూసినవాళ్లు, నలుగురూ ఒకేసారి పోయారంటే వంటింటి పొయ్యి పొగ వల్లేనని ఊళ్లో అనుకున్నారట. జనం పూలు పట్టుకుని వచ్చారు, చావుకి తెచ్చినట్టు సరి సంఖ్యలో. బేకరీ ఆవిడ చావింట్లో పంచే ఉడికించిన గోధుమలు తెచ్చింది. అక్క ఏప్రను కట్టుకుని, చేతిలో కత్తెరతో గేటు తీసింది. అందరూ శిలువ గుర్తు వేసుకున్నారు. అక్క పూలు అందుకుని లెక్కపెట్టింది, ఆరు. "ఎవరు పోయారే?" అని అడిగింది బేకరీ ఆవిణ్ణి. "నువ్వే" అందావిడ.

రుసా అవ్వకి మాత్రం ఇంత సంతోషం కలిగి ఎన్నేళ్లయిందో. తన కోసం ఎవరెవరొచ్చారు, ఎవరు రాలేదు అని కూర్చుని ఆరా తీసింది. రానివాళ్ల పేర్లు గుర్తుపెట్టుకుంటానంది. తన గోధుమలు తనే తినేసింది.

నేను కూడా నవ్వబోయాను. అప్పుడొచ్చాడు స్పిరిదోన్, టోపీ చేతిలో పట్టుకుని. అక్కని చూసి తెల్లబోయాడు. తర్వాత ఆనందం పట్టలేక అనేశాడు. "మీ తమ్ముడు మెతోది జనవరిలో టేబుల్ వదులుకున్నప్పుడే నాకు అర్థమైంది తల్లీ. పంతొమ్మిదేళ్ల టేబుల్ని బతికుండగా ఎవరు వదులుకుంటారు? ఒంట్లో బాగాలేదనుకున్నాను. అడిగితే బాధపడతాడని ఊరుకున్నాను."

అక్క నా వంక చూసింది. పూలు బకెట్లో పెట్టింది, గేటు మూసింది. నేను బయటే ఉన్నాను.

ఫిబ్రవరి 16

నలభై ఒక్క ఆర్డర్లు.

చావు కబురు విని ప్లోవ్‌దివ్ నుంచి, బుర్గాస్ నుంచి, స్పెయిన్‌లో పనిచేసుకునేవాళ్ల దగ్గర నుంచి చుట్టాలు ఫోన్లు చేశారు. బతికే ఉన్నారని తెలిశాక, ఇన్నేళ్లు పలకరించనందుకు సిగ్గుపడి ఆఫీసు మొత్తానికీ సరిపడా కొంటున్నారు. అది విని వాళ్ల స్నేహితులు చూస్తున్నారు, చూసినవాళ్లు కొంటున్నారు. రెండు సెకన్లలో తెరుచుకునే పేజీని ఎవరూ మధ్యలో వదిలిపోవడం లేదు.

నల్ల గీతలు తీసేశాను, రంగులు మళ్లీ పెట్టాను. అయినా తొంభై మూడు.

సూపు రాలేదు.

ఫిబ్రవరి 17

మొత్తం ఎనభై ఎనిమిది ఆర్డర్లు. మార్తెనిత్సల పెట్టెలన్నీ అక్క ఇంట్లో ఉన్నాయి. అక్క గేటుకి గొళ్లెం ఉంది.

ఫిబ్రవరి 18

"క్షమించు" అని కాగితం మీద రాసి తలుపు కింద తోశాను. సాయంత్రానికి అదే కాగితం నా తలుపు కింద ఉంది. మడత కూడా విప్పలేదు.

ఫిబ్రవరి 19

మొత్తం నూట ముప్పై ఆర్డర్లు. పదహారు వందల్లో ఒక్కటి తప్ప అన్నీ పోయాయి. మార్చి ఒకటికి చేరాలంటే ఇరవై ఐదున పోస్టులో పడాలి. నా దగ్గర పంపడానికి దారప్పోగు కూడా లేదు.

ఫిబ్రవరి 20

టేబుళ్లు వేశారు. పొద్దున్నే వెళ్లి త్సోంకాని బతిమాలాను. నీ సంతకం నువ్వే పెట్టావు, నీ అక్కకి నువ్వే చెప్పుకో అంది. న్యాయమే.

కాసేపటికి అక్క వచ్చింది. కుట్టిన మైనపు గుడ్డ చంకలో ఉంది. నాలుగో నంబరు టేబుల్ ముందు నిలబడి ఆ ప్లాస్టిక్ బొమ్మల్ని కాసేపు చూసి వెనక్కి తిరిగింది. దారిలో వెంటపడ్డాను. అక్కా, పది రోజులు నిలబడి అమ్మినా ఏనాడూ ఇన్ని పోలేదు, రెండు సెకన్లలో తెరుచుకుంటోంది అన్నాను. అప్పుడు ఆగింది.

"రెండు సెకన్లలో నేను ఎవర్ని ఏమడగనురా? చేతికి దారం కడుతున్నంతసేపు మనిషి కదలకుండా నిలబడతాడు. అప్పుడు అడుగుతాను, మీ అమ్మ ఎలా ఉంది, మీ పిల్ల పెళ్లి ఏమైంది అని. మీ బావ పోయాక నా ఇంటికి ఎవరొస్తున్నారు? ఆ పది రోజుల కోసం నేను మిగతా ఏడాదంతా దారం చుడతాను. దారం అమ్ముకోవడానికి వెళ్తున్నాననుకున్నావా?"

తప్పు చేశాను. మేలు కోరి కాదు, సైటు గొప్ప కోసం చేశాను. ఇక్కడ రాసుకోవడానికే ఇన్ని రోజులు పట్టింది.

ఫిబ్రవరి 21

అక్క షరతు పెట్టింది. రుసా అవ్వ వచ్చి చెప్పింది, తన సొంత ముక్కలు నాలుగు కలిపి. ఆర్డరు పెట్టిన ప్రతి మనిషికీ నేను ఫోను చెయ్యాలి. ఎలా ఉన్నారు, ఇంట్లో వాళ్లు ఎలా ఉన్నారు అని అడగాలి. చెప్పింది నోటుబుక్కులో రాసి మా రెండిళ్ల మధ్య గోడ మీద నుంచి అందించాలి. అక్క చదివి, బాగుంటే వాళ్ల పెట్టె ఇస్తుంది.

నూట ముప్పై మంది. నాలుగు రోజులు.

ఫిబ్రవరి 22

మొదటి ఫోను నలభై సెకన్లలో ముగించాను. "బాగున్నారట" అని రాశాను. నోటుబుక్కు గోడ మీద నుంచి తిరిగి నా నెత్తిన పడింది.

మళ్లీ చేశాను. బుర్గాస్ ఆయన తన పిత్తాశయంలో రాళ్ల గురించి అరగంట చెప్పాడు. రెండు పేజీలు రాశాను. పెట్టె వచ్చింది. మొత్తం మీద ఇవాళ ఆరే.

ఫిబ్రవరి 23

నలభై. గొంతు పోయింది. వలెన్సియాలో ముసలాళ్లని చూసుకునే ఒకావిడ, ఎలా ఉన్నారమ్మా అనగానే ఏడ్చేసింది. ఆమెని ఎవరైనా ఆ మాట అడిగి ఎన్నాళ్లయిందో. ఇక్కడ ఇవాళ మంచు కరుగుతోందని చెప్పాను. ఇంకా చెప్పమంది. చెప్పాను.

ఫిబ్రవరి 24

నలభై ఐదు. ఇప్పుడు నాకు పదకొండు మంది మోకాళ్లు, ఆరుగురు అల్లుళ్లు, ఒక తప్పిపోయిన పిల్లి తెలుసు. పిల్లి దొరికితే ఫోను చెయ్యమన్నాను.

ఇవాళ సైటుకి పరీక్ష పెట్టడం మర్చిపోయాను.

ఫిబ్రవరి 25

ముప్పై తొమ్మిది ముగించాను. మధ్యాహ్నం మూడింటికి అన్నీ పోస్టులో పడ్డాయి.

నాలుగింటికి ఇంకో ఆర్డరు వచ్చింది. ఆ మిగిలిన ఒక్కటి. పేరు స్తిలియానా. చిరునామా గోడ అవతల.

షరతు షరతే. ఫోను చేశాను. కిటికీలోంచి చూస్తే వంటింట్లో ఆమె చెయ్యి తుడుచుకుని ఫోను తీస్తోంది.

"ఎవరు?" అంది.

"సైటు వాళ్లం. ఆర్డరు అందింది," అన్నాను. తర్వాత, "ఎలా ఉన్నావక్కా?" అన్నాను.

కుర్చీ జరుపుకుని కూర్చుంది. అప్పుడు, "రాసుకుంటావా?" అని అడిగింది. రాసుకుంటానన్నాను.

గంటా పది నిమిషాలు మాట్లాడింది. మోకాళ్లు ఎలా ఉన్నాయో. బావ పోయినప్పటి నుంచి మంచానికి ఒక పక్కే పడుకుంటోందని. మార్చి వచ్చాక ముగ్గురాడవాళ్లూ ఎవరిళ్లకి వాళ్లు పోతే వంటింట్లో రేడియో ఆపడానికి భయమేస్తుందని. ఎడమ కన్నుకి శుక్లం ముదిరింది, ఈమధ్య ఎర్ర దారం ఏదో తెల్ల దారం ఏదో వేళ్లతో తడిమి తెలుసుకుంటోందట. ఆపరేషనుకి తారీకు ఇచ్చారు.

నాకెందుకు చెప్పలేదక్కా అన్నాను.

"అక్టోబరులోనే చెప్పానురా. నీ కంప్యూటరు పక్కనే నిలబడి చెప్పాను. నువ్వు ఊఁ అన్నావు."

నోటుబుక్కులో చోటు అయిపోయింది, ఇందులో రాసుకుంటున్నాను. ఎడమ కన్ను. మార్చి పన్నెండు. ప్లోవ్‌దివ్ ఆసుపత్రి. పొద్దున ఆరు పది బండి. రెండు టిక్కెట్లు.